మిగిలిన బస్సు కిరాయి ఎటు పోతున్నది?

మెదక్ పట్టణ అక్కాచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, ఇంటి పెద్దలకు మనవి.

2023 డిసెంబర్ 9న మన రాష్ట్రంలో రెండు పథకాలు ఒకేరోజు అమల్లోకి వచ్చాయి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఒకటి. రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి 5 లక్షలుగా ఉన్న వైద్య సాయాన్ని 10 లక్షలకు పెంచడం రెండోది. మొదటిది మన చేతికి వెంటనే అలవాటైంది. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవడం ఇప్పుడు ఎవరికీ నేర్పక్కర్లేదు. రెండోదాని సంగతి అడిగితే మాత్రం, "కార్డు ఉన్నది గదా, పది లక్షలు వస్తయట" అన్న జవాబే వస్తుంది. ఏ ఆసుపత్రిలో వస్తాయి, ఏ జబ్బుకు రావు అన్నది అంబులెన్స్ మేడ్చల్ దాటినాక గానీ తెలియడం లేదు.

మేము చెప్పదలచుకున్నది ఇది. బస్సులో మిగిలిన పైసలు ఇంటి ఖర్చులో కలిసిపోకముందే పక్కకు తీద్దాం. ఆరోగ్యశ్రీ అందని చోట ఆదుకునే బీమాకు కడదాం. ఆ బీమా షరతులను తెలుగులో ఇప్పించుకుని, చదివించుకుని కడదాం.

ముందు పైసల లెక్క. మెదక్ నుంచి హైదరాబాద్ పోయి రావడమంటే దాదాపు రెండు వందల కిలోమీటర్లు. దవాఖానకని, పిల్లల హాస్టల్‌కని, పెళ్లికని ఏదో ఒక పేరుతో పోతూనే ఉంటాం. ఎంత మిగిలిందో తెలియాలంటే పక్కన కూర్చున్న ఇంటాయన టికెట్ చూడండి. ఆయన ఇచ్చినంతా మీకు మిగిలినట్టే. ఆ మొత్తాన్ని ఇంటికి రాగానే డబ్బాలో వేసి, నెలాఖరుకు పొదుపు సంఘంలో జమ చేయండి. తొందరలో డీలక్స్ ఎక్కితే జీరో టికెట్ ఉండదని గుర్తుంచుకోండి. మగవాళ్లకు రైలుంది. దశాబ్దాలు అడిగితే 2022 సెప్టెంబర్ 23న అక్కన్నపేట నుంచి మెదక్ దాకా లైను తెరిచి కాచిగూడకు బండి నడిపారు. వేళ కుదిరిన రోజు అది బస్సు కంటే చౌక. బస్సులున్నన్ని రైళ్లు లేవు, నిజమే. అయినా పని తొందర లేని రోజు కూడా అలవాటు కొద్దీ బస్టాండుకే నడుస్తున్నాం.

ఈ పైసలతోనే ఇల్లంతటి ప్రీమియం తీరుతుందని మేము అనడం లేదు. చిన్న కుటుంబానికి కొంత భారం తగ్గుతుంది, అంతే. నెల గడవడమే కష్టమైన ఇంటివాళ్లు అప్పు చేసి పాలసీ కొనవద్దు. వాళ్లు ముందు ఆరోగ్యశ్రీ వివరాలు సరిచూసుకుని, బ్యాంకులో 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టుకుంటే చాలు. 18 నుంచి 70 ఏళ్ల వారికి ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. ఖాతాలోంచి ఏటా దానంతట అదే కట్ అవుతుంది. మే నెలాఖరుకు ఆ ఖాతాలో 20 రూపాయలు లేక పాలసీ పోగొట్టుకోవడం కంటే తెలివితక్కువతనం ఇంకొకటి లేదు.

ఆరోగ్యశ్రీని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 2007లో మొదలైన ఈ పథకం ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో మనకు తెలుసు. ఇప్పుడు దాని జాబితాలో 1,835 చికిత్సలున్నాయి. కానీ జాబితాలో లేని చికిత్సకు, అనుబంధంలో లేని ఆసుపత్రికి అది వర్తించదు. నెలనెలా వాడే షుగర్ మాత్రలకు, ఓపీ చీటీకి, బయట చేయించుకునే పరీక్షలకు రాదు. ప్రధానంగా మన రాష్ట్రంలోని ఆసుపత్రుల్లో నడిచే పథకం కాబట్టి షిర్డీలోనో తిరుపతిలోనో గుండెనొప్పి వస్తే దాని మీద ధీమా పెట్టుకోలేం. 2025 సెప్టెంబర్‌లో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపిన రోజులు కూడా చూశాం. అలాంటి రోజున మనం చేసేదేమిటి? చిట్టీ నష్టానికి పాడుకోవడం, పుస్తెలతాడు కుదువ పెట్టడం. రెండూ తీరని ఖర్చే.

మరి ఏ పాలసీ కొనాలి? ఇక్కడే మెదక్ మోసపోతున్నది. ఎక్కువసార్లు పాలసీ అమ్మేది చుట్టమో, పరిచయస్తుడో. మొహమాటానికి సంతకం పెడతాం. ఏజెంట్లందరూ మోసగాళ్లని కాదు. పక్కనుండి క్లెయిమ్ ఇప్పించేవాళ్లూ ఉన్నారు. అయితే ఇరవై ముప్పై పేజీల ఇంగ్లిష్ కాగితం మన చేతిలో పెట్టి, "అన్నీ కవర్ అయితయి" అనే ఒక్క మాట చెబితే మన పని ఎట్లా నడుస్తుంది?

దీనికి మందు చట్టంలోనే ఉంది. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే చిన్న కాగితం ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 జనవరి 1 నుంచి కొత్త పద్ధతి పెట్టింది. ఏది కవర్ అవుతుంది, ఏది కాదు, ఏ జబ్బుకు ఎన్నాళ్లు ఆగాలి, మన చేతి నుంచి ఎంత పడుతుంది, ఫిర్యాదు ఎవరికి చేయాలి అన్నీ అందులో ఉండాలి. పాలసీదారు కోరితే దాన్ని స్థానిక భాషలో ఇవ్వాలని కూడా ఉంది. కోరితే అన్నారు కాబట్టి మనం నోరు తెరిచి అడగాలి. "తెలుగు షీట్ తెచ్చినంకనే సంతకం" అని నూరు ఇళ్లవాళ్లు చెబితే మెదక్‌కు వచ్చే ప్రతి ఏజెంటు సంచిలో తెలుగు షీట్ ఉంటుంది. పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చు. కొద్దిపాటి ఖర్చులు మినహాయించుకుని మిగతా పైసలు వాపస్ ఇవ్వాలి.

ఆ షీట్‌లో మొదట గది అద్దె దగ్గర ఆగండి. రోజుకు 3,000 రూపాయల పరిమితి ఉన్న పాలసీతో 6,000 గదిలో చేరారనుకోండి. తేడా కట్టేస్తే సరిపోతుందని మనం అనుకుంటాం. అలా కాదు. చాలా పాలసీల్లో డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఖర్చు వంటివి కూడా అదే నిష్పత్తిలో, అంటే సగానికి కోస్తారు. మందుల బిల్లుకు ఈ కోత వర్తించదు గానీ, మిగతాది చాలు ఇంటి నడుము విరగడానికి. కాబట్టి ఆసుపత్రిలో చేరేటప్పుడే పాలసీకి సరిపడే గది అడగాలి. పెద్ద గదిలో చేరిస్తే గొప్ప అనుకునే బంధువుల మాట ఆ పూటకు పక్కన పెట్టండి.

రెండోది, షుగర్, బీపీ, పాత ఆపరేషన్ దాచవద్దు. ముందు నుంచి ఉన్న జబ్బుకు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లు ఆగితే చాలు, ఇదివరకు నాలుగేళ్లుండేది. దాచి, తర్వాత బయటపడితే క్లెయిమే పోతుంది. "రాయకుంటే ప్రీమియం తగ్గుతది" అని ఎవరైనా చెబితే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టరు.

ఎన్ని చదివినా తేల్చుకోలేకపోతే ఆరోగ్య సంజీవని పాలసీ అడగండి. 2020 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా కంపెనీలన్నీ అమ్మాల్సిన ప్రామాణిక పాలసీ ఇది. కంపెనీ ఏదైనా షరతులు ఒకటే, ప్రీమియం మాత్రం వేర్వేరు. క్లెయిమ్‌లో 5 శాతం మనమే భరించాలి, గది అద్దెకు పరిమితి ఉంటుంది. గొప్ప పాలసీ కాదు. కానీ నాలుగు కంపెనీల ధరలు పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంతకంటే సులువైనది లేదు. వాళ్ల ఆసుపత్రుల జాబితాలో మనం నిజంగా పోయే మేడ్చల్, కొంపల్లి, సికింద్రాబాద్ వైపు ఆసుపత్రులు ఉన్నాయా లేవా చూడండి. వ్యక్తిగత, కుటుంబ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి లేదు. 10,000 రూపాయల ప్రీమియం మీద 1,800 తగ్గినట్టు. ఇప్పటికీ జీఎస్టీ పేరు చెప్పి అడిగితే రసీదు చూపించమనండి. అమ్మానాన్నలను పిల్లల పాలసీలోనే కలిపితే పెద్దవాళ్ల వయసును బట్టి అందరి ప్రీమియం పెరుగుతుంది, వేరుగా చూసుకోవడం మేలు. 70 దాటిన వారికి ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల ఆయుష్మాన్ వయ వందన పథకం 2024 అక్టోబర్ 29న మొదలైంది. రేషన్ కార్డు లేని పెద్దవాళ్లున్న ఇళ్లు ముందు దాన్ని కనుక్కోండి.

దూరప్రయాణాల మాట. సికింద్రాబాద్ నుంచి తిరుపతికి ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకునేటప్పుడు ప్రయాణ బీమా కావాలా అని ఒక ప్రశ్న వస్తుంది. మనిషికి 45 పైసలు. రైలు ప్రమాదంలో మరణానికి, పూర్తి వైకల్యానికి 10 లక్షలు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే 2 లక్షల దాకా ఇస్తారు. కౌంటర్‌లో కొన్న టికెట్‌కు ఇది రాదు. మీసేవలోనో నెట్ సెంటర్‌లోనో బుక్ చేయించుకునేవారు "బీమా పెట్టు" అని చెప్పండి, తర్వాత ఫోన్‌కు వచ్చే లింకులో నామినీ పేరు నింపించండి. క్యాన్సర్ రోగులకు, డయాలసిస్‌కు పోయే కిడ్నీ రోగులకు రైల్వే రాయితీలు ఇప్పటికీ ఉన్నాయి. వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆపేసినప్పటి నుంచి రోగుల రాయితీ కూడా పోయిందనుకుని పూర్తి చార్జీ కడుతున్నారు చాలామంది.

గల్ఫ్‌కు పోయే తమ్ముళ్లు వినాలి. ఎమిగ్రేషన్ అనుమతి అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద పోయేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షలు. గడువు తీరాక అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో పొడిగించుకోవచ్చు. ఇంటికి పైసలు పంపే నాడే తేదీ చూసుకోండి, పాలసీ నకలు ఇంట్లో భార్య దగ్గరో తల్లి దగ్గరో ఉంచండి.

క్లెయిమ్ దగ్గర అడ్డం తిరిగితే భయపడొద్దు. నగదు రహిత చికిత్సకు గంటలో జవాబు చెప్పాలని, డిశ్చార్జ్ బిల్లును మూడు గంటల్లో తేల్చాలని 2024 మే 29న ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉన్నది. ఫిర్యాదు నంబర్ 155255. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి. నెలలో తేల్చకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు వింటారు.

ఇవన్నీ ఇంటింటికీ విడివిడిగా సాధ్యం కావు. అందుకే అడుగుతున్నాం. మున్సిపల్ కార్యాలయంలో వారానికి ఒక పూట, పాలసీ కాగితాలు చదివి చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. ఆ మనిషి పాలసీలు అమ్మేవాడై ఉండకూడదు. మెప్మా పొదుపు సంఘాల నెలవారీ సమావేశంలో అరగంట బీమాకు కేటాయించాలి. బస్టాండులో, ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ అనుబంధ ఆసుపత్రుల పేర్లు, ఆ పథకంలో రోగులకు దారి చూపే ఆరోగ్యమిత్ర కూర్చునే చోటు, వేళలు తెలుగులో బోర్డు రాయించాలి. కోట్లు అక్కర్లేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, నాలుగు డబ్బాల రంగు కావాలి.

ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతుంది. ఒక్కో వాడ నుంచి ఒక్కో అర్జీ, ఈ మూడు కోరికలతో, రాబోయే సోమవారమే ఇద్దాం. పాలసీ ఉన్నవాళ్లు దాని నకలు జత చేసి, "దీన్ని తెలుగులో చదివి చెప్పేవారు ఈ పట్టణంలో ఎవరు?" అని అర్జీ మొదట్లోనే రాయండి.

ఇట్లు,
మెదక్ పట్టణ పౌరులు కొందరు