ఒక్కరే... ఒకటే బ్యాగు!

పారిస్‌లో రెండు రోజులు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకటి, స్విట్జర్లాండ్‌లో రెండు, వెనిస్‌లో ఒక పూట, రోమ్‌లో ఒకటిన్నర రోజు... తొలిసారి ఒంటరిగా యూరప్ చుట్టిరావాలనుకునే వారెవరి నోటుపుస్తకం తెరిచినా దాదాపు ఇదే జాబితా. అంత ఖర్చు పెట్టుకుని అంత దూరం వెళుతున్నాం, మళ్లీ వెళతామో లేదో, చూడగలిగినన్ని చూసేద్దాం అన్న ఆరాటం! రూపాయి రూపాయి కూడబెట్టి వెళ్లేవారికి ఆ ఆరాటం సహజమే. కానీ ఆ లెక్కలో ఓ అంకె జారిపోతుంటుంది. ఊరు మారిన ప్రతిసారీ దాదాపు సగం రోజు పోతుంది. గది ఖాళీ చేయడం, స్టేషన్‌కి చేరడం, రైలెక్కడం, కొత్త ఊళ్లో దిగి మళ్లీ గది వెతుక్కోవడం... ఎనిమిది ఊళ్లంటే ఏడుసార్లు మారాలి. పదిహేను రోజుల యాత్రలో మూడున్నర రోజులు అచ్చంగా ప్లాట్‌ఫారాల పాలు!

నలుగురు కలిసి వెళితే ఆ శ్రమను నలుగురూ పంచుకుంటారు. ఒకరు సామాను దగ్గర కూర్చుంటే ఇంకొకరు టికెట్ల సంగతి చూస్తారు. ఒంటరి ప్రయాణంలో ఆ వీలుండదు. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా బ్యాగు భుజాన వేసుకునే వెళ్లాలి. అందుకే తొలి ఒంటరి యాత్రకు ప్రణాళిక వేసుకునేవారు ముందుగా చేయాల్సింది తీసివేతలే. ఊళ్లూ తగ్గాలి, బరువూ తగ్గాలి.

మూడు ఊళ్లు చాలు!

ఉదాహరణకు వియన్నా, బుడాపెస్ట్, ప్రాగ్. వియన్నా నుంచి బుడాపెస్ట్ రైల్లో రెండున్నర గంటలకు కాస్త ఎక్కువ. ప్రాగ్‌కి నాలుగు గంటలు. స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా అయితే వియన్నాకి గంట దూరమే. బ్యాగు గదిలోనే వదిలి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. అంటే మూడుచోట్ల బస, నాలుగు దేశాలు. పారిస్, జ్యూరిచ్‌లతో పోలిస్తే బుడాపెస్ట్, ప్రాగ్‌లలో తిండీ బసా చౌక. పైగా గోదావరి గట్టు మీద సాయంత్రాలు గడిపినవారికి డాన్యూబ్ ఒడ్డున కూర్చుని, 1849లో ప్రారంభమైన చైన్ బ్రిడ్జి మీద దీపాలు వెలగడం చూడ్డానికి టికెట్టు కూడా అక్కర్లేదు.

అయితే డబ్బులు మాత్రం మూడు రకాలు. ఆస్ట్రియా, స్లొవేకియాల్లో యూరో, హంగరీలో ఫోరింట్, చెక్ దేశంలో కొరునా. అక్కడి ఏటీఎంలూ కార్డు మిషన్లూ ‘రూపాయల్లో తీసుకోమంటారా?’ అని మర్యాదగా అడుగుతుంటాయి. వద్దనాలి! అక్కడి కరెన్సీనే ఎంచుకోవాలి. లేదంటే మిషన్ వేసిన మారకం రేటుకి జేబు చిల్లు.

వీసాకి కాగితం మీద యాత్ర

బ్యాక్‌ప్యాకింగ్ అంటే తోచిన ఊళ్లో దిగి, నచ్చినన్నాళ్లు ఉండటం అనుకుంటారు. యూరప్ పాస్‌పోర్టు ఉన్నవారికి అది చెల్లుతుంది. మనవారు ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో వీసా కోసం ముందే కాగితం మీద చూపించాలి. షెంజెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. అన్నిచోట్లా సమానమైతే, మొదట అడుగుపెట్టే దేశానికి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతిలో ఈ రోజుల లెక్క కంప్యూటరే చూస్తుంది కాబట్టి ‘ఒక్కరోజే కదా’ అంటే కుదరదు.

ప్రయాణానికి ఆర్నెల్ల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. పరిశీలనకు సాధారణంగా పదిహేను రోజులు, ఒక్కోసారి 45 రోజులూ పడుతుంది. పెద్దలకు రుసుము 90 యూరోలు. వీసా రాకపోతే అది తిరిగిరాదు. వైద్య ఖర్చులకు కనీసం 30 వేల యూరోల బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలుండాలి. బ్యాంకు ఖాతాలోకి దరఖాస్తుకి వారం ముందు ఎక్కడినుంచో వచ్చిపడ్డ లక్షలు మేలుకన్నా అనుమానమే ఎక్కువ తెస్తాయి. నెలనెలా జీతం పడుతూ, నిలకడగా ఉన్న ఖాతాయే మంచి సాక్షి. గదులు ఉచితంగా రద్దుచేసుకునే వీలున్నవే తీసుకోవాలి. వీసా చేతికి రాకముందే డబ్బు తిరిగిరాని విమాన టికెట్టు కొనడం జూదమే.

పాసు కొనాలా... వద్దా?

యూరప్ అనగానే అందరూ చెప్పేమాట రైలు పాసు. అక్కడ నివసించేవారికి ఇంటర్‌రైల్, మనలాంటి వారికి యూరైల్. 33 దేశాల్లో పనిచేస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ దేశాల హైస్పీడ్ రైళ్లలో పాసు ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా డబ్బు కట్టాలి. మూడు ఊళ్ల యాత్రకైతే ఏ రైలుకా రైలు ముందుగా టికెట్టు కొనుక్కుంటేనే చాలాసార్లు చవక. ఇక ఊళ్లో తిరిగే మెట్రోలూ ట్రాములూ! ప్రాగ్, బుడాపెస్ట్‌లలో విడిగా కొన్న కాగితం టికెట్టు జేబులో ఉంటే సరిపోదు. మిషన్‌లో పెట్టి ముద్ర వేయించాలి. లేదంటే టికెట్టు ఉండీ జరిమానా కట్టాల్సిందే.

బడిపంతులు పెట్టిన బస

బసకు హాస్టళ్లున్నాయి. ఆ ఆలోచన జర్మనీకి చెందిన రిచర్డ్ షిర్మన్ అనే బడిపంతులుది. 1909లో పిల్లల్ని వెంటేసుకుని కాలినడకన వెళుతుంటే పెద్ద గాలివాన పట్టుకుంది. ఓ ఊరి బళ్లో తలదాచుకున్న ఆ రాత్రే, నడిచి ఊళ్లు తిరిగే పిల్లలకు ఇలాంటి చౌక బసలు ఊరూరా ఉంటే బాగుణ్నని ఆయనకు తోచిందట. ఆల్టెనా కోటలో ఆయన పెట్టిన హాస్టల్ ఇప్పటికీ ఉంది. హాస్టల్లో గదికి బదులు మంచం అద్దెకిస్తారు. ఒక్కో గదిలో నాలుగు నుంచి పన్నెండు మంచాలుంటాయి. చాలాచోట్ల ఆడవాళ్లకు విడిగా గదులు, అందరికీ కలిపి వంటగది. లాకరుంటుంది కానీ తాళం మనదే కావడం మంచిది. మొదటి రెండు రాత్రులకు మాత్రం స్టేషన్‌కి దగ్గర్లో, మంచిపేరున్న చోటు చూసుకోవాలి. పగటిపూట దిగే విమానమైతే మరీ మేలు.

బ్యాగు సంగతి. ఏడెనిమిది కిలోలు దాటకూడదు. సర్దాక దాన్ని భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కి దిగాలి. ఆయాసం వచ్చిందా... ఇంకో రెండు జతల బట్టలు బయటికి తీయాలి! పాలు, మాంసంతో చేసినవి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లడం నిషేధం. కాబట్టి నెయ్యి సీసా, పాలకోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే ఆగిపోవాలి. కందిపొడి చిన్న పొట్లం చాలు. అన్నం హాస్టల్ వంటగదిలో వండుకోవచ్చు. ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు చాలావరకు మూసేస్తారు కాబట్టి బియ్యం శనివారమే కొనుక్కోవాలి.

ఇంట్లోవాళ్లకో కాగితం

అసలైన వీసా ఇవ్వాల్సింది ఇంట్లోవాళ్లే! ‘నేను చూసుకుంటాలే’ అంటే ఏ అమ్మకీ ధైర్యం రాదు. ఏ రాత్రి ఏ చిరునామాలో ఉంటారో, ఏ రైలు ఎన్ని గంటలకో, బీమా నంబరు, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. యూరోపియన్ యూనియన్‌లో ఎక్కడున్నా ఆపదొస్తే 112కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు. రోజూ అక్కడి సాయంత్రం ఆరింటికి ఇంటికి ఫోన్ అనుకుంటే, వేసవిలో మనకు రాత్రి తొమ్మిదిన్నర. ఒక్కరోజు ఫోన్ రాకపోతే కంగారుపడకుండా ఎవరికి కబురు చేయాలో కూడా ముందే అనుకోవాలి. ఛార్జింగ్ అయిపోవడం ఎవరికైనా మామూలే కదా.

ఆ కాగితంలో ఒక రోజు ఎదురుగా మాత్రం బస తప్ప ఇంకేమీ రాయకుండా వదిలేయాలి. కాళ్లు నొప్పులు పుట్టినా, వాన పట్టుకున్నా, ఓ ఊరు మరీ నచ్చేసినా ఆదుకునేది ఆ ఒక్కరోజే. ఆ ఖాళీ చూసి అమ్మ తప్పకుండా అడుగుతుంది... ‘ఆ రోజు ఏం చేస్తావ్?’ అని. ‘అక్కడికెళ్లాక చూస్తానమ్మా’ అని చెప్పగలగడం కోసమే కదా, ఒంటరిగా వెళ్లేది!