విన్నవారొకరు, నడపినవారొకరు

మొన్న మా యింట నొక పొరపాటు జరిగినది. ఎమ్మిగనూరునుండి మా పినతల్లిగారు ఫోను చేసి, ఐదుగంటల బస్సునకు గాక ఏడుగంటల బస్సునకు బయలుదేరుదునని చెప్పిరి. ఫోనెత్తిన పిల్లవాడు చక్కగనే వినెను. "ఏడు గంటలకే గదా, అవ్వా" యని మరల చెప్పి సరిచూచుకొనెను. కాని యా మాట మా తండ్రిగారి చెవిని వేయుట మరచెను. పాపము, ఆ వృద్ధుడు ఆదోని బస్టాండున రెండుగంటలు నిలుచుండిరి.

ఇది నవ్వి యూరకుండదగిన సంగతియే. ఇట్టిదే ఆకాశమున జరిగి 349 మంది ప్రాణములను గొన్నది.

1996 నవంబరు 12వ తేది సాయంకాలము ఢిల్లీనుండి సౌదీ అరేబియా విమానమొకటి పైకెగయుచుండెను. అందలి 312 మందిలో పొట్టకూటికై గల్ఫునకు బోవు మన దేశీయులే పెక్కురు. అదే దారిని కజకస్తాను విమానమొకటి 37 మందితో ఢిల్లీలో దిగవచ్చుచుండెను. నాడు రాకపోకలు రెంటికిని త్రోవ యొక్కటే. కంట్రోలరు దిగుచున్నదానిని 15,000 అడుగులకడను, ఎక్కుచున్నదానిని 14,000 అడుగులకడను నిలువుమనెను.

ఆనాటి ఢిల్లీ రాడారు తెరపై విమానమున్న చోటు కనబడెడిదే గాని యెత్తు కనబడెడిది కాదు. కంట్రోలరునకు మాటయే కన్ను. కజకు విమానమునుండి జవాబులు సరిగనే వచ్చినవి. కాని యవి యిచ్చినవారు పైలట్లు గారు. వారి వెనుక గూర్చున్న రేడియో మనిషి. అతని యెదుట ఎత్తు జూపు గడియారము లేదు. పైలట్ల భుజములమీదుగా తొంగిచూడవలసినదే! పైలట్లకు ఇంగ్లీషు అంతంతమాత్రము. విమానము పదునైదువేలకడ నిలువక దిగిపోయినది. రేడియో మనిషి గుర్తించి చెప్పునప్పటికి వేళ మించినది. హర్యానాలోని చర్ఖీ దాద్రి పొలములమీద రెండును ఢీకొన్నవి. ఒక్కరును దక్కలేదు. విచారణ జరిపిన జస్టిస్ లాహోటీగారు అనుమతిలేక దిగుటయు, ఇంగ్లీషు చాలమియు కారణములని తేల్చిరి.

భాష వచ్చినవారికిని చిక్కు తప్పదు సుమా! 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూరున దిగబోవు సరకుల విమానమును 2,400 అడుగులకు దిగుమని, అంకెలు విడివిడిగ పలికి చెప్పిరి. ఇంగ్లీషున "రెండు" అను మాటయు, "కు" అను విభక్తియు వినుటకొక్కటే. పైలట్లు 400 అడుగులకని గ్రహించి, "నాలుగు సున్న సున్న" యని బదులు పలికిరి. ఆ తప్పు కంట్రోలరు పట్టలేదు. విమానము కొండను తాకి నలుగురును మరణించిరి. ఆదోనిలో కన్నడమెరిగిన తల్లులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. "ఏళు" అన్నచో ఏడనియు, లెమ్మనియు గదా!

చర్ఖీ దాద్రి పిదప ఢిల్లీలో ఎక్కు త్రోవ, దిగు త్రోవ వేరుచేసిరి. ఎత్తు తెలుపు రాడారు వచ్చినది. ఎదుటి విమానము చేరువైనచో తానే హెచ్చరించు యంత్రమును మన దేశమున విమానములకు విధిచేసిరి.

మన కర్నూలు చేరువ ఓర్వకల్లున 2021 మార్చిలో ప్రయాణికుల విమానములు దిగుట మొదలైనది. మా పినతల్లిగారికి విమానమెక్క వేడుక. ఇదంతయు విని, "ఇప్పుడా గదిలో నెందరుందురే?" యని యడిగిరి. ఇద్దరే యనియు, ఇద్దరును తమ చెవులతోనే విందురనియు చెప్పితిమి.