కూతురు ‘ఖత్నా’ మీద ఇంటర్న్‌షిప్ చేస్తానంటే..

నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో డిగ్రీ ఆఖరి ఏడాది చదివే అమ్మాయి ఒకరోజు ఇంటికొచ్చి, “ఇంటర్న్‌షిప్ దొరికింది, ఆడపిల్లల ఖత్నాను ఆపించే సంస్థలో, పని అంతా ఆన్‌లైన్‌లోనే” అని చెప్పిందనుకుందాం. అమ్మీ మొహం మారిపోతుంది. నానీ మాత్రం నిజంగానే తెలియక అడుగుతుంది: “ఆడపిల్లలకి ఖత్నా ఏందే?” అబ్బా కాసేపు ఊరుకుని, చివరికి అసలు మాట అంటాడు: “టీవీలవాళ్ళు చాలలేదా? మన దీన్‌ని మనమే బద్నాం చేయాలా?”

నానీ ప్రశ్నలో తప్పేం లేదు. ఈ రెండు జిల్లాల ముస్లింలలో అత్యధికులు హనఫీ సున్నీలు. మగపిల్లాడి ఖత్నా అంటే దావత్, పూలదండ, కొత్తబట్టలు. ఆడపిల్లకి అలాంటిది ఒకటుంటుందన్న ఊహే ఈ ఇళ్ళలో లేదు. మరి మన ఇళ్ళలో లేనిదాని మీద మన పిల్ల ఎందుకు పనిచేయాలి? ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ముందు ఆ ఆచారం ఎక్కడుందో, ఎవరిలో ఉందో చూడాలి.

వైద్య అవసరం ఏమీ లేకుండా ఆడపిల్ల జననాంగాన్ని కొంతగానీ, పూర్తిగాగానీ కోయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నాలుగు రకాలుగా విభజించింది. పైచర్మాన్ని కోయడం దగ్గర్నుంచి, కోసి దాదాపు మూసేసేలా కుట్టడం దాకా అన్నీ అందులో వస్తాయి. గాటు పెట్టడం, గుచ్చడం కూడా లెక్కలోకే వస్తాయి. యూనిసెఫ్ 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం ఇది జరిగిన ఆడపిల్లలు, స్త్రీలు ప్రపంచంలో 23 కోట్లకు పైనే. అందులో 14 కోట్ల 40 లక్షల మంది ఆఫ్రికాలో, 8 కోట్ల మంది ఆసియాలో ఉన్నారు. చేసేది ముస్లింలు మాత్రమే కాదు. ఇథియోపియాలో క్రైస్తవుల్లోనూ ఉంది, ఈజిప్టులో కాప్టిక్ క్రైస్తవుల్లోనూ ఉంది. ఇస్లాం రాకముందు నుంచీ ఉన్న ఆచారం ఇది. అబ్బా భయానికి సగం జవాబు ఇక్కడే ఉంది గానీ, మిగతా సగం దాటేయకూడదు.

ఆ మిగతా సగం మన దేశంలోనే ఉంది. దావూదీ బోహ్రాలలో దీన్ని ఖత్నా అనీ, ఖఫ్జ్ అనీ అంటారు. పిల్లకి ఏడేళ్ళ వయసు వచ్చేసరికి, చాక్లెట్ కొనిస్తామనో బంధువుల ఇంటికనో చెప్పి తీసుకెళ్ళి చేయించేవారని ఎంతోమంది బోహ్రా స్త్రీలే బహిరంగంగా చెప్పారు. బోహ్రాలు గుజరాత్ మూలాలున్న ఇస్మాయిలీ షియాలు, వ్యాపారులు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలోనూ ఉన్నారు. బోహ్రా స్త్రీలే మొదలుపెట్టిన ‘సహియో’ సంస్థ ఆన్‌లైన్‌లో 385 మంది స్త్రీలను అడిగితే, 80 శాతం మంది తమకు జరిగిందన్నారు. ఇది ఆ సముదాయం మొత్తానికి లెక్క కాదు, జవాబిచ్చినవాళ్ళ లెక్క. ఈ తేడాని పోస్టర్ మీద కూడా సరిగ్గా రాయగలగడం ఇంటర్న్ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం.

దీన్ సంగతికొస్తే, ఖురాన్‌లో దీని ప్రస్తావన లేదు. తరచు చెప్పే ఉమ్మె అతియ్యా హదీసును తన గ్రంథంలో చేర్చిన అబూ దావూదే అది బలహీనమైనదని అక్కడే రాశారు. అలాగని ఫిఖ్హ్‌లో దీనికి చోటే లేదనడం నిజం కాదు. షాఫయీ మజ్‌హబ్‌లో దీన్ని వాజిబ్ అన్నవాళ్ళున్నారు. ఇండోనేషియా, మలేషియాల్లో ఈ ఆచారం నిలవడానికి అదొక కారణం. హనఫీలలో ఇది వాజిబ్ కాదు. బోహ్రాలు పదో శతాబ్దపు ‘దఆయిముల్ ఇస్లాం’ను చూపిస్తారు. “ఇస్లాంలో లేదు” అన్న ఒక్క వాక్యంతో ఒక బోహ్రా తల్లి దగ్గరికి వెళ్తే ఆమె ఆ పుస్తకం తీసి ముందు పెడుతుంది. అక్కడితో మాట ఆగిపోతుంది. ఇంతకన్నా పనికొచ్చేది ఈజిప్టు అనుభవం. 2006 నవంబర్‌లో అల్ అజ్‌హర్‌లో ఉలమా, వైద్యులు కలిసి కూర్చుని చర్చించారు. మరుసటి ఏడాది ఒక పన్నెండేళ్ళ పిల్ల ఈ కోత వల్ల చనిపోయింది. అప్పుడు అల్ అజ్‌హర్ పండితుల మండలి దీనికి షరీఅత్‌లో ఆధారం లేదంది, హాని ఉంది కాబట్టి మానుకోవాలంది. 2008లో చట్టం వచ్చింది. సూడాన్ 2020లో నేరంగా ప్రకటించింది. గాంబియాలో 2015 నాటి నిషేధాన్ని ఎత్తేయాలని వచ్చిన బిల్లును 2024 జూలైలో పార్లమెంటు తోసిపుచ్చింది. ఇవన్నీ ముస్లింలు అధికంగా ఉన్న దేశాలే. అక్కడ దీని మీద పోరాడినవాళ్ళలో నమాజు చదివే ఆడవాళ్ళు ఎందరో. బద్నాం అవుతామన్న భయంతో వాళ్ళు ఆగలేదు.

మన దగ్గర వ్యవహారం కోర్టులో ఇరుక్కుంది. 2017లో న్యాయవాది సునీతా తివారీ సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. ఆ ఏడాది మే నెలలో అప్పటి కేంద్ర మంత్రి మేనకా గాంధీ, బోహ్రాలు తామే మానుకోకపోతే చట్టం తెస్తామన్నారు. డిసెంబర్‌కల్లా ఆమె మంత్రిత్వ శాఖే, దేశంలో ఇది ఉందని చూపే అధికారిక లెక్కగానీ అధ్యయనంగానీ లేదని కోర్టుకు చెప్పింది. లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దీని మీద ప్రశ్నే లేదు. అడగనిదానికి జవాబు లేదని చూపించడం బ్యాలెన్స్ షీట్‌లో అప్పు రాయకుండా అప్పే లేదన్నట్టు. 2018లో అటార్నీ జనరల్ వేణుగోపాల్, అప్పుడున్న శిక్షాస్మృతి, పోక్సో చట్టాల కిందే ఇది నేరమని వాదించారు. మరోవైపు దావూదీ బోహ్రా మహిళల సంఘం ఒకటి, ఇది కోత కాదు, హాని లేని మత ఆచారం, మాకూ మతస్వేచ్ఛ ఉందని వాదించింది. ఆ సెప్టెంబర్‌లో కేసు రాజ్యాంగ ధర్మాసనానికి వెళ్ళింది. 2019 నవంబర్‌లో శబరిమల కేసు ప్రశ్నలతో ముడిపడింది. 2025 నవంబర్‌లో చేతనా వెల్ఫేర్ సొసైటీ వేసిన మరో పిటిషన్ మీద సుప్రీంకోర్టు నోటీసులిచ్చింది. ఇదంతా నడుస్తుండగా, మొదటి పిటిషన్ వేసిన ఏడాది పుట్టిన పిల్లకి ఏడేళ్ళు దాటిపోయాయి.

ఇక ఇంటర్న్ చేసే పని. బయట ఊహించుకునేంత గొడవేం ఉండదు. ఎక్కువగా అనువాదం, వాంగ్మూలాలు విని రాసిపెట్టడం, కోర్టు కాగితాలు చదివి సంక్షిప్తం చేయడం, ఫిబ్రవరి 6న వచ్చే అంతర్జాతీయ దినానికి పోస్టులు తయారుచేయడం. మన రెండు జిల్లాల అమ్మాయికి ఉర్దూ, తెలుగు రెండూ వస్తాయి కాబట్టి మొదట అనువాదమే చేతిలో పెడతారు. అక్కడే చిక్కు మొదలవుతుంది. ఇంగ్లిష్‌లో వాడే ‘మ్యూటిలేషన్’ అన్న మాటని తెలుగులో ఏమనాలి? పత్రికలు ‘జననాంగ ఛేదనం’ అంటాయి. అది నానీకి అర్థం కాదు. ‘అంగం నరకడం’ అని రాస్తే, ఆ అనుభవం ఉన్న స్త్రీ తన తల్లిని కసాయి అంటున్నారని అనుకుంటుంది. చాలామంది బోహ్రా స్త్రీలు అమ్మని ద్వేషించరు. అమ్మకీ ఏడేళ్ళప్పుడు అదే జరిగిందని వాళ్ళకి తెలుసు. అందుకే సహియోవాళ్ళు ఖండించడం కన్నా కూర్చుని మాట్లాడడాన్ని నమ్ముకున్నారు. ఒకే థాల్ చుట్టూ కూర్చుని తినే బోహ్రా అలవాటునే తీసుకుని ‘థాల్ పే చర్చా’ అని మొదలుపెట్టారు. బిర్యానీ తింటూ ఈ మాట మాట్లాడడమా అనిపించవచ్చు. కానీ తలుపు మూసిన గదిలో ఏళ్ళ తరబడి దాచినదాన్ని బయటికి తెచ్చింది ఆ భోజనాలే.

ఇంట్లోవాళ్ళు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. సంస్థ రిజిస్టర్ అయిందా? విదేశీ విరాళాలు తీసుకుంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉందా? బాధితుల పేర్లు, గొంతులు ఎవరి కంప్యూటర్‌లో ఉంటాయి? ఫలానా పిల్లకి రేపు చేయించబోతున్నారని ఇంటర్న్‌కి తెలిస్తే ఎవరికి చెప్పాలి? ఈ చివరి ప్రశ్న చిన్నది కాదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందనో జరగబోతుందనో తెలిస్తే చెప్పాల్సిన బాధ్యత పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరిదీ. 1098 నంబర్ అందుకే ఉంది. ఈ మాట ముందే చెప్పని సంస్థకి పిల్లని పంపకపోవడమే మంచిది.

నానీ ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. మన ఇళ్ళలో లేనిది మనకెందుకు? పాలమూరు పాత అనుభవం ఒకటి చూడాలి. నారాయణపేట, మక్తల్, ఊట్కూరు వైపు దళిత ఆడపిల్లలని దేవత పేరుతో జోగినిగా చేసేవాళ్ళు. 1988లో నిషేధ చట్టం వచ్చింది. అయినా చట్టం వచ్చిన చాలా ఏళ్ళకి కూడా ఆ ఆచారం పోలేదు. దానికి ఎదురు నిలిచినవాళ్ళలో ఊట్కూరు హాజమ్మలాంటి, ఆ జీవితం అనుభవించిన స్త్రీలే ముందున్నారు. అప్పుడు మన మొహల్లాలలో చాలామంది అది వాళ్ళ మతం, వాళ్ళ గోల అనుకున్నారు. ఇప్పుడు బోహ్రాల గురించీ అలాగే అనుకోవడం సులువు. పక్కింటి పిల్ల దేహం మీద జరిగేదాన్ని చూడకుండా ఉండే అలవాటు మన ఇంట్లో జరిగేదాన్ని కూడా చూడనివ్వదు.

మన ఇంట్లో జరిగేదంటే పద్దెనిమిది నిండకముందే నికాహ్. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. అన్ని మతాలూ కలిసిన లెక్క ఇది. దీన్ని తగ్గించడానికి ఫత్వా కన్నా, ప్రచారం కన్నా ఒక దరఖాస్తు ఫారం ఎక్కువ పనిచేసిందేమో అనిపిస్తుంది. 2014 అక్టోబర్‌లో మొదలైన షాదీ ముబారక్ కింద అప్పట్లో 51,000, తర్వాత 1,00,116 రూపాయలు. పెళ్ళికూతురికి 18 నిండినట్టు కాగితం ఉండాలి. ఆ కాగితం కోసం నికాహ్‌ని ఏడాది వెనక్కి జరిపిన తల్లిదండ్రులని మీసేవ కేంద్రాల దగ్గర అడిగితే తెలుస్తుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్పించే దారి వెతికినవాళ్ళ సంగతీ అక్కడే తెలుస్తుంది.

ఇంటర్న్‌షిప్ ముగిశాక ఆ అమ్మాయి మిర్యాలగూడలోనో, జడ్చర్లలోనో తన వీధికే తిరిగొస్తుంది. ఏడేళ్ళప్పుడు తనకి జరిగింది చెప్పలేక చెప్పిన పరాయి ఆడవాళ్ళ మాటలు నెలల తరబడి విని, రాసి వచ్చిన పిల్ల. పదో తరగతి మధ్యలో ఆపేసి, ‘మంచి సంబంధం’ కుదిరిందంటున్న పక్కింటి ఖాలా దగ్గర ఆమె ఎలా కూర్చుంటుంది, ముందు ఏం అడుగుతుంది?