చిత్తం దొరా అన్న రికార్డు

రికార్డంటే మన పల్లెల్లో పెళ్ళిళ్ళకు మైకుసెట్టాయన వేసే నల్లటి పళ్ళెమే చాలామందికి గుర్తు. మొన్న ఒక మిత్రుడి ఇంట్లో అట్లాంటిదే ఒకటి విన్నాం. పాట మాత్రం పెళ్ళిది కాదు. ఇంగ్లండులో ఎసెక్స్ పల్లెపట్టున ఒకే ఇంట్లో కలిసి బతికిన 'క్రాస్' అనే పంక్ రాక్ బృందం 1983లో వేసిన రికార్డు. పేరు 'ఎస్ సర్, ఐ విల్'. మన మాటల్లో 'చిత్తం దొరా, అట్లాగే'.

ఎక్కడిదీ పేరు? 1982లో ఫాక్లాండ్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనా యుద్ధం చేశాయి. రెండు వైపులా కలిపి 900 మందికి పైగా చచ్చారు. ఒళ్ళు కాలిన ఒక సిపాయిని చూడబోయిన యువరాజు, త్వరగా కోలుకో అన్నాడట. సిపాయి ఇచ్చిన జవాబే ఈ పేరు. ముఖం కాలినా నోట్లోంచి 'సర్' పోలేదు! రోజూ హాజరు పిలిచి పిల్లల చేత 'ఎస్ సర్' అనిపించుకునే పంతుళ్ళం మేము. కాసేపు తలెత్తలేకపోయాం. మన తాతలు చెప్పులు చేతబట్టుకుని దొర వాకిట్లో అన్న మాటా ఇదే కదా.

వినడానికి సుఖమైన రికార్డు కాదిది. పల్లవి లేదు, చరణం లేదు. రెండు పక్కలా దాదాపు ఒకటే పొడుగాటి కేక. పక్క తిప్పడానికి లేచినప్పుడే మనకు ఊపిరి. మాట ఒక పట్టాన అందదు. అందుకే మాటలన్నీ అచ్చేసి జతచేశారు. పాట అందంగా ఉండాలనే వారికి ఇది నచ్చదు. మాకు నచ్చింది.

అట్ట మీద సంగతి ఇంకా గొప్పది. 1978లో వీళ్ళ తొలి రికార్డులో దేవుణ్ణి నిలదీసే పాట ఉందని ఐర్లాండు ఫ్యాక్టరీలో పనివాళ్ళు దాన్ని చెయ్యమన్నారు. ఆ పాట చోట నిశ్శబ్దం వదిలి, దానికి వాక్ స్వాతంత్ర్యపు చప్పుడని పేరు పెట్టారు. ఆ దెబ్బతో సొంత కంపెనీ పెట్టుకున్నారు. 'ఇంతకు మించి ఇవ్వొద్దు' అని అట్టల మీద ధర అచ్చేశారు. షాపువాడు పైన వేసుకోకుండా! ఇవాళ పాతవి పోగేసే వాళ్ళ మధ్య ఆ ధర అచ్చుతోనే అవి ఎన్నో రెట్లకు చేతులు మారుతున్నాయి. నవ్వూ వస్తుంది, మంటా పుడుతుంది.

రికార్డుల నంబర్లు చూడండి. 1979లో వేసిన వాటికి 5, పక్కనే 1984. 1981లో 3. ఈ రికార్డుకు 1. అంటే 1984కి ఇంకెన్నేళ్ళుందో లెక్క. ఆ ఏడుతో సరి అని ముందే చెప్పుకున్నారు. సంఘాలు మన దగ్గర ఎట్లా ముగుస్తాయో మీకు తెలుసు. చీలికలు, బోర్డు కోసం కొట్లాటలు, ఎన్నికల ముందు బేరాలు. గడువు పెట్టుకున్న వాళ్ళను కొనడం కష్టం.

దేవుళ్ళేం కాదు. పోలీసు కేసులు, అలసట వాళ్ళనూ నలిపాయి. 1984 జులైలో వేల్స్‌లోని అబర్‌డేర్‌లో సమ్మె చేస్తున్న బొగ్గుగని కార్మికుల సహాయార్థం పాడారు. అదే చివరి కచేరీ. ఆ తర్వాత గిటారు వాయించేవాళ్ళలో ఒకరు ఇక చాలన్నారు, బృందం ముగిసింది. మిగిలిన ముక్కలు 1986లో ఒక రికార్డుగా వచ్చాయి.

మాటల కాగితం మిత్రుణ్ణడిగి తెచ్చుకున్నాం. ఇంగ్లీషు కొంచెం ముతకది. కూచుని తెలుగు చేసుకుందామనే వాళ్ళు ఏ ఆదివారమైనా మా ఇంటికి రావచ్చు.