పావన బాటకు తారు వద్దు

అహోబిలంలో కొన్నేళ్లు బాడుగ జీపు తోలాను. ఇప్పుడు గోస్పాడులో కేసీ కాలువ కింద వరి పెట్టుకుని బతుకుతున్నా. పావన నరసింహస్వామి గుడికి తారు రోడ్డు వేస్తే బాగుండునని మా ఊరి రచ్చబండ దగ్గర మాట వచ్చినప్పుడల్లా నాకు నోరు ఆగదు. అందుకే ఈ నాలుగు మాటలు.

నవ నారసింహ క్షేత్రాల్లో పావనం అడవి లోపలగా ఉంటుంది. నడవగలిగినవాళ్లకు ఎగువ అహోబిలం నుంచి కాలిబాట ఉంది. మోకాళ్లు మొరాయించేవాళ్లకు జీపు బాట. పోయొచ్చినవాళ్లు దాని గురించి భయపెట్టి చెబుతారు గానీ, ఎండాకాలంలో అది కష్టమైన దారి కాదు. పొట్టి కొండలు, రాళ్లు, వేళ్లు, వాన కోసిన గాళ్లు. ఫోర్‌వీల్ వేసి, లో గేరులో పెట్టి, దిగుడులో బ్రేకు తొక్కకుండా ఇంజను పట్టు మీద దిగాలి. ఎత్తురాయి వస్తే దాన్ని చక్రాల మధ్యకు తీసుకోకూడదు, బండి అడుగు తగులుతుంది. చక్రాన్నే మెల్లగా ఎక్కించాలి. స్టీరింగు లోపల బొటనవేలు పెట్టారా, గాడిలో పడ్డప్పుడు విరుగుతుంది. వాన పడితే ఎవరెంత ఇస్తామన్నా బండి తీయకూడదు.

ఒళ్లు హూనమవుతుంది, నిజమే. వెనక సీట్లో ముసలమ్మలు గోవిందలు పెడతారు. కానీ నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో పోతాం కాబట్టి దుప్పి అడ్డమొస్తే ఆగే వీలుంటుంది. తారు పడితే ఆ వీలుండదు. దోర్నాల–శ్రీశైలం ఘాట్ చూడండి: మంచి రోడ్డే, జంతువుల కోసం రాత్రిపూట గేటు వేయాల్సి వచ్చింది. నల్లమల పులులు శేషాచలం వైపు కదిలేది అహోబిలం కొండల మీదుగానే.

చెంచు గూడేలకు అంబులెన్సు పోయే రోడ్డు కావాలంటే మాత్రం నేనూ చెయ్యెత్తుతా. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామికి అది అత్తగారిల్లు. ముందు ఆ దారి వేయండి.

గుడి బాటకు అధికారులు చేయాల్సింది తక్కువే. కోసుకుపోయిన చోట రాళ్లు పరచాలి. రోజుకు ఇన్ని జీపులని కట్టడి పెట్టాలి. బ్రేకులు చూడాలి, సీట్లకు మించి ఎక్కిస్తే ఆపాలి. సొంత కార్లను అసలు వదలకూడదు. భక్తులకు నా మనవి: మీ బండి దిగువ అహోబిలంలో పెట్టి ఊరి జీపెక్కండి, బాడుగ ముందే మాట్లాడుకోండి.