సంతాపసభలో దాటవేసిన మాట

మా ఎం.ఏ. సహాధ్యాయి సంతాపసభలో వక్తలంతా అతడి పరిశోధన ఆగిపోవడానికి పేదరికమే కారణమన్నారు. అది సగం నిజమే. దళిత, ఆదివాసీ పరిశోధకులకు రాజీవ్‌గాంధీ జాతీయ ఫెలోషిప్ 2005-06లో మొదలయ్యేనాటికే అతడు ఊరికి వెళ్లి ట్యూషన్లు చెప్పుకుంటున్నాడు. తరగతిలో అందరికన్నా ముందున్న అతడికి పర్యవేక్షకుడే దొరకలేదన్న సంగతిని ఎవరూ ఎత్తలేదు. మాల, మాదిగ వాడల శ్మశాన భూములు అతడు ఎంచుకున్న అంశం. అది పరిశోధనకు పనికిరాదన్నారు. (సర్వే నంబర్లతో నింపిన అతడి నోటుపుస్తకాలు నేను చూశాను.) అప్పుడు ఫిర్యాదు ఎవరికివ్వాలి? వివక్ష వ్యతిరేక అధికారిని నియమించాలన్న యూజీసీ నిబంధన 2012లో గానీ రాలేదు. అది వచ్చిన సుమారు మూడేళ్లకు రోహిత్ వేములను పోగొట్టుకున్నాం. పర్యవేక్షకుల కేటాయింపును, నిరాకరిస్తే అందుకు కారణాన్ని, ప్రతి శాఖా లిఖితపూర్వకంగా బయటపెట్టాలి.