పాట ఎవరిదంటే... నలుగురిదీ!

నలుగురు కుర్రాళ్లు. ఒకరికి గిటారు, ఒకరికి బేస్ గిటారు, ఒకరికి డ్రమ్స్, ఇంకొకరికి గొంతు. సాధన చేసేది ఓ పాత చర్చిలో. జేబులో డబ్బుల్లేవు. చెప్పుకోవడానికి బృందానికింకా పేరైనా లేదు. ఉన్నదల్లా సొంతంగా పాటలు కట్టాలన్న తపన. ఇలాంటి బృందాలు ప్రతి ఊళ్లోనూ పుడుతుంటాయి. రెండుమూడేళ్లకు విడిపోతుంటాయి. వాటిని విడగొట్టే ప్రశ్న చాలాసార్లు ఒక్కటే... 'ఇంతకీ ఈ పాట ఎవరిది?'

ఆ ప్రశ్నకు మొదట్లోనే జవాబు చెప్పుకొని, 31 ఏళ్లపాటు ఆ మాటకు కట్టుబడ్డ బృందం 'ఆర్.ఈ.ఎం.'.

చర్చిలో మొదలు...

అమెరికాలోని జార్జియా రాష్ట్రం. మనవాళ్లు బోలెడంతమంది స్థిరపడ్డ అట్లాంటా నుంచి సుమారు 110 కిలోమీటర్లు వెళితే ఏథెన్స్ వస్తుంది. విశ్వవిద్యాలయం ఉన్న ఊరు. అక్కడ ఓ రికార్డుల దుకాణంలో పీటర్ బక్ అనే కుర్రాడు పనిచేసేవాడు. మంచి రికార్డులు వస్తే తనకోసం పక్కన పెట్టుకునేవాడు. సరిగ్గా అవే కావాలంటూ ఓ కుర్రాడు వచ్చేవాడు. అతను మైకేల్ స్టైప్, చిత్రకళ విద్యార్థి. అలా మాటలు కలిశాయి. బక్‌కు గిటారు వచ్చు. స్టైప్ పాడతాడు. ఇంకేం కావాలి!

మిగతా ఇద్దరూ అదే రాష్ట్రంలోని మేకన్ నుంచి వచ్చారు. బేస్ వాయించే మైక్ మిల్స్, డ్రమ్స్ వాయించే బిల్ బెర్రీ. బడిలో ఉండగా మొదట్లో ఈ ఇద్దరికీ అస్సలు పడేది కాదు. సంగీతం పుణ్యమా అని ప్రాణస్నేహితులయ్యారు. విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి కలిసే ఏథెన్స్ వచ్చారు.

ఊళ్లో ఓకోనీ వీధిలో ప్రార్థనలు ఆగిపోయి, అద్దె ఇల్లుగా మారిన చర్చి ఒకటుండేది. బక్, స్టైప్ కాపురం అందులోనే. నలుగురూ కలిసి పాటలు సాధన చేసిందీ అక్కడే. 1980 ఏప్రిల్ 5న ఓ స్నేహితురాలి పుట్టినరోజు పార్టీకి అదే చర్చిలో మొట్టమొదటిసారి జనం ముందు వాయించారు. ఆ తర్వాత పేరు కోసం నిఘంటువు తిరగేస్తే 'ఆర్.ఈ.ఎం.' అన్న మూడక్షరాలు కంటపడ్డాయి. అదే ఖాయం చేసేశారు. కొన్నాళ్లకు చదువులు అటకెక్కాయి. పాటే బతుకైంది.

రోజుకు రెండు డాలర్లు

పాట పుట్టే తీరు మన సినిమా పాటకు పూర్తిగా భిన్నం. మన దగ్గర సంగీత దర్శకుడు ఒకరు, రచయిత ఒకరు, గాయకులు వేరు. ఎవరి పేరు వారికే పడుతుంది. వీళ్ల దగ్గర అలాంటి గీతలేవీ లేవు. ఒకరు గిటారు మీద ఏదో మీటితే, ఇంకొకరు దానికో వంపు ఇస్తారు. మూడోవాడు నడక మారుస్తాడు. ముగ్గురూ కలిసి బాణీ ఓ కొలిక్కి తెచ్చాక, స్టైప్ దానిమీద పాడే వరస, మాటలు అల్లుతాడు. మొదట్లో ఆ మాటలు వినేవారికి సగం అర్థమయ్యేవే కావు! అయినా జనానికి నచ్చాయి.

ఊరూరా తిరిగి వాయించేవారు. పాత నీలం రంగు వ్యానే వాహనం. తిండికి ఒక్కొక్కరికి రోజుకు రెండు డాలర్లు. 1981 ఏప్రిల్‌లో పక్క రాష్ట్రం నార్త్ కరోలినా వెళ్లి తమ మొదటి రికార్డుకు పాటలు రికార్డు చేసుకున్నారు. ఆ స్టూడియో ఏమిటనుకున్నారు? ఒకాయన తన తల్లిదండ్రుల ఇంటి కారు షెడ్డును అలా మార్చుకున్నాడు!

'రేడియో ఫ్రీ యూరప్' పేరుతో ఆ రికార్డు జులైలో వచ్చింది. ఓ చిన్న స్థానిక సంస్థ వెయ్యి ప్రతులు వేసింది. అందులో 600 ప్రచారం కోసం ఉచితంగా పంచిపెట్టినవే. తమాషా ఏమిటంటే, ఇంకా కావాలంటే ఎవరిని అడగాలో తెలిపే చిరునామా వేయడమే మరిచిపోయారు. అయినా జనం వెతుక్కుంటూ వచ్చారు. మరో ఆరు వేలు వేయాల్సి వచ్చింది. 'న్యూయార్క్ టైమ్స్' ఆ ఏడాది మేటి పది సింగిల్స్‌లో దాన్నీ చేర్చింది.

అన్నదమ్ముల వాటాలు

అన్నదమ్ములు ఎంత ప్రేమగా ఉన్నా వాటాల దగ్గరికొచ్చేసరికి మాటలు పెరుగుతాయి. బృందాల్లోనూ అంతే. దానికి కారణం ఉంది. వేదిక మీద వాయిస్తే వచ్చే డబ్బు అందరిదీ. కానీ పాట కట్టినవారికి విడిగా రాయల్టీ వస్తుంది. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే డబ్బు అందేది దాన్ని రాసి, బాణీ కట్టినవారికీ వారి ప్రచురణకర్తలకే. పాడినవాళ్లకూ వాయించినవాళ్లకూ పైసా రాదు! అంటే ఒకే వ్యానులో తిరిగి, ఒకే రొట్టె పంచుకున్న నలుగురిలో కాగితం మీద పేరున్నవాడు పదేళ్లకు బంగళా కొనుక్కోవచ్చు. పేరు లేనివాడు అద్దె ఇంట్లోనే ఉండిపోవచ్చు. అప్పుడు సాధన గదిలో ఏం జరుగుతుంది? 'నా పాటే తీసుకుందాం' అని ఒకరు, 'నాది ఎందుకు వద్దు?' అని మరొకరు. మంచి పాటేదో తేల్చాల్సిన చోట డబ్బు వచ్చి కూర్చుంటుంది.

ఆర్.ఈ.ఎం. కుర్రాళ్లు ఆ ఇబ్బంది రాకుండా ముందే చూసుకున్నారు. ఏ పాట ఎవరికి తట్టినా సరే, పేర్లు నలుగురివీ పడాలి. డబ్బు నాలుగు సమాన వాటాలు. పేర్ల వరసేమో అక్షరక్రమం... బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. దాంతో వెనకెక్కడో కూర్చునే డ్రమ్మర్ పేరు మొదట, అందరికీ కనిపించే గాయకుడి పేరు చివర వచ్చాయి! ఇంకో నియమం కూడా ఉంది. ఏ నిర్ణయానికైనా నలుగురూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా అది జరగదు.

ఎవరు రాస్తేనేం?

ఈ ఒప్పందం విలువ తర్వాతెప్పుడో బయటపడింది. కొత్తగా మాండొలిన్ కొనుక్కున్న పీటర్ బక్ ఓరోజు ఇంట్లో టీవీ చూస్తూ వాయించడం నేర్చుకుంటున్నాడు. పక్కనే రికార్డరు తిరుగుతోంది. తర్వాత విని చూస్తే తడబాటు మధ్య ఓ చక్కటి బాణీ దొరికింది. అదే 1991లో ప్రపంచమంతా మారుమోగిన 'లూజింగ్ మై రిలీజియన్'. పేరు చూసి మతానికి సంబంధించిందేమో అనుకుంటారు గానీ, అమెరికా దక్షిణ ప్రాంతంలో ఆ మాటకు సహనం నశించడం అని అర్థం.

మరుసటి ఏడాది 'ఆటోమేటిక్ ఫర్ ద పీపుల్' ఆల్బమ్ వచ్చింది. ఆ పేరు ఏథెన్స్‌లోని ఓ భోజనశాల నినాదం! అందులోని 'ఎవ్రీబడీ హర్ట్స్' పాటకు మూలం చాలావరకు డ్రమ్మర్ బెర్రీ. విచిత్రంగా ఆ పాటలో చాలాసేపు తాళం వేసేది మాత్రం యంత్రమే. తన వాయిద్యం వినిపించకపోయినా పాట బాగుంటే చాలనుకున్నాడు బెర్రీ. డ్రమ్మర్ పాటకు మనమెందుకు అని మిగతా ముగ్గురూ అనుకోలేదు. అందులో అందరి వాటా సమానమే కదా మరి.

1996లో వీళ్లు కొత్త ఒప్పందం చేసుకున్నారు. దాని విలువ 8 కోట్ల డాలర్లని అప్పట్లో వార్తలొచ్చాయి. రోజుకు రెండు డాలర్లతో మొదలైన ప్రయాణం అక్కడిదాకా వచ్చింది. వాటాల లెక్క మాత్రం మారలేదు.

గంటస్తంభం మిగిలింది

1995 మార్చిలో స్విట్జర్లాండ్‌లో వాయిస్తూ వేదిక మీదే బెర్రీ కుప్పకూలాడు. మెదడులో రక్తనాళం ఉబ్బిందన్నారు వైద్యులు. శస్త్రచికిత్స తర్వాత కోలుకున్నాడు గానీ మనసు ఊళ్లు తిరగడం మీద లేదు. 1997లో సెలవు తీసుకున్నాడు. పోతూపోతూ ఒక మాట అడిగాడు... తను వెళితే బృందం ఆగిపోయేట్టయితే ఉండిపోతానన్నాడు. మిగతా ముగ్గురూ కొనసాగుతామని మాటిచ్చాకే వెళ్లి, వ్యవసాయంలో పడ్డాడు. ఆ తర్వాతి పాటలకు ముగ్గురి పేర్లే. పాత పాటల్లో మాత్రం అతని వాటా అతనిదే.

ఆ ముగ్గురూ 2011 సెప్టెంబరులో బృందానికి స్వస్తి చెప్పారు. కోర్టు గొడవలు లేవు, తిట్టుకోవడాలు లేవు. స్నేహితులుగానే విడిపోయారు.

మళ్లీ నలుగురూ కలిసి జనం ముందు వాయించింది 2024 జూన్‌లో. పాటలు కట్టినవారిని సత్కరించే 'సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్' న్యూయార్క్‌లో వాళ్లను గౌరవించింది. సాధారణంగా ఇలాంటి చోట పిలుపు గాయకుడికో గిటారిస్టుకో వస్తుంది. ఇక్కడ నలుగురికీ వచ్చింది. 27 ఏళ్ల కిందట తప్పుకున్న డ్రమ్మరూ వచ్చి పక్కన నిలబడ్డాడు. 'లూజింగ్ మై రిలీజియన్' నలుగురూ కలిసి వినిపించారు.

ఏథెన్స్‌లోని ఆ చర్చిని 1990లోనే కూల్చేశారు. గంటస్తంభం ఒక్కటే మిగిలింది. అభిమానులు ఇప్పటికీ వెళ్లి చూసొస్తుంటారు.

మీ ఇంట్లోనూ తలుపేసుకుని స్నేహితులతో గిటారు మీటే అబ్బాయో అమ్మాయో ఉంటే, మొదటి పాట పూర్తయిన రోజునే ఓ కాగితం మీద పేర్లు రాసుకోమనండి. డబ్బు వచ్చాక కూర్చుంటే ఆ కాగితం రాయడం చాలా కష్టం. ఏమీ లేనప్పుడైతే... ఐదు నిమిషాల పని!